మోటారు వేస్తే బల్బు ఎందుకు డిమ్మవుతుంది? వోల్టేజీ, కరెంటు, రెసిస్టెన్సు మీద ఒక సమాధానం

ఉరవకొండ దగ్గర పల్లెలో ఉంటూ ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న తమ్ముడు మూడు సందేహాలు అడిగాడు. ఒకటి: వీధిలో ఎవరైనా మోటారు వేస్తే ఇంట్లో బల్బు డిమ్మవుతుంది. అంటే లైనులో కరెంటు పెరిగింది, వోల్టేజీ తగ్గింది. వి = ఐ ఆర్ (వోల్టేజీ = కరెంటు × రెసిస్టెన్సు) ప్రకారం రెండూ కలిసి పెరగాలి కదా? రెండు: ల్యాబులో ఓమ్ నియమం ప్రయోగం చేస్తే కరెంటు పెంచేకొద్దీ వోల్ట్‌మీటరు రీడింగు తగ్గుతూ పోయింది. మూడు: లైనులో నష్టం ఐ² ఆర్ అంటారు, వి²/ఆర్ అని కూడా అంటారు. వోల్టేజీ పెంచితే మొదటి దాని ప్రకారం నష్టం తగ్గాలి, రెండో దాని ప్రకారం పెరగాలి. ఏది నిజం?

తమ్ముడూ, నీ మూడు ప్రశ్నల్లోనూ తప్పిపోయింది ఒకటే మాట: ఏ రెండు చోట్ల మధ్య వోల్టేజీ? అది పట్టుకుంటే మూడు ముడులూ ఒకేసారి విడిపోతాయి.

ముందు బల్ల మీద చేసి చూడు. రెండు కొత్త పెన్సిల్ సెల్లులు, 2.5 వోల్టులు 0.3 ఆంపియర్లు అని రాసి ఉన్న టార్చి బల్బులు రెండు, 0.4 మిల్లీమీటర్ల మందం నైక్రోమ్ తీగ 20 సెంటీమీటర్లు, ఒక మామూలు మల్టీమీటరు కావాలి. ఆ మందం నైక్రోమ్ మీటరుకు దాదాపు 8.75 ఓములు ఉంటుంది, కాబట్టి నీ ముక్క 1.75 ఓములు. సెల్లులను వరుసగా పెట్టి, నైక్రోమ్ తీగను, మొదటి బల్బును శ్రేణిలో కలుపు. రెండో బల్బును మొదటి దానికి సమాంతరంగా పెట్టు, కానీ దాని ఒక వైరు వదులుగా ఉంచు. నైక్రోమ్ తీగే మీ వీధి లైను. మొదటి బల్బు మీ ఇల్లు. రెండో బల్బు పక్కింటి మోటారు.

మొదటి బల్బు ఒక్కటే వెలుగుతున్నప్పుడు మల్టీమీటరు రెండు పిన్నులూ తీగ రెండు కొసలకు ఆనించు: సుమారు 0.5 వోల్టులు. ఇప్పుడు బల్బు రెండు కొసలకు: సుమారు 2.5. రెండూ కలిపితే 3. వదులుగా ఉంచిన వైరు తగిలించు. మొదటి బల్బు కళ్ళ ముందే తగ్గుతుంది. మళ్ళీ కొలువు: తీగ మీద 0.9 పైచిలుకు, బల్బు మీద 2.1 లోపు. సెల్లులను బట్టి నీ అంకెలు కాస్త అటూ ఇటూ ఉంటాయి, పోకడ మాత్రం ఇదే. మొత్తం 3 కి తక్కువ పడితే, తగ్గినది సెల్లుల లోపల పోతోందని అర్థం.

ఇక్కడ కాసేపు ఆగి ఆ నాలుగు అంకెలూ చూడు. తీగలో కరెంటు 0.3 నుంచి 0.54 కు పెరిగింది, తీగ రెండు కొసల మధ్య వోల్టేజీ కూడా పెరిగింది. మొదటి బల్బు మీద వోల్టేజీ తగ్గింది, ఆ బల్బులో కరెంటు కూడా తగ్గింది. ఓమ్ నియమం ఎక్కడా తప్పలేదు. నువ్వు కరెంటును తీగ దగ్గర తీసుకొని, వోల్టేజీని బల్బు దగ్గర తీసుకొని, రెంటినీ ఒకే సూత్రంలో పెట్టావు. వి, ఐ, ఆర్ మూడూ ఒకే ముక్కవి కావాలి. ఒకరి కొలతలతో ఇంకొకరికి చొక్కా కుట్టినట్టు అయింది.

ఇంకో సంగతి, ఈ ప్రయోగంలోనే చానామంది తడబడేది. బల్బును విప్పి మల్టీమీటరుతో రెసిస్టెన్సు కొలిస్తే ఒక ఓము దరిదాపుల్లో చూపిస్తుంది. కానీ 2.5 ని 0.3 తో భాగిస్తే 8.3 రావాలి. మీటరు తప్పు కాదు. చల్లగా ఉన్న టంగ్‌స్టన్ ఫిలమెంటు వేరు, రెండు వేల డిగ్రీల పైన మండుతున్న ఫిలమెంటు వేరు. ఇంట్లో పాత 60 వాట్ల బల్బుకైనా అంతే: వెలిగేటప్పుడు 230² ÷ 60, అంటే 880 ఓములు; ఆరి ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండదు. అందుకే పాత బల్బులు ఎక్కువగా స్విచ్ వేసిన క్షణంలోనే పోతాయి.

సరే, వీధికి వద్దాం. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ ఇల్లు 200 మీటర్లు, లైను 16 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం అనుకో. పోయే తీగ, తిరిగొచ్చే తీగ కలిపి 400 మీటర్లు. అల్యూమినియం నిరోధకత సుమారు 2.8 × 10⁻⁸ ఓమ్ మీటరు. దాన్ని 400 తో గుణించి 16 × 10⁻⁶ తో భాగిస్తే 0.7 ఓములు. తిరుగు తీగను మరిచి 0.35 అని రాసేవాళ్ళు పరీక్షల్లో మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

ఫ్యాను, లైట్లు కలిపి 2 ఆంపియర్లు లాగుతుంటే లైనులో పోయేది 1.4 వోల్టులు. ఎవరికీ తెలియదు. మీ పక్కింట్లో ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజు మోటారు వేశారు. తిరగడం మొదలుపెట్టే ఆ క్షణంలో అది 30 ఆంపియర్ల దాకా లాగుతుంది. 30 × 0.7 = 21 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 230 ఉన్నా మీ ఇంటికి చేరేది 209. ఫిలమెంటు బల్బు వెలుతురు వోల్టేజీ కన్నా చానా వేగంగా పడిపోతుంది, సుమారు మూడున్నర ఘాతం చొప్పున. వోల్టేజీ తగ్గింది నూటికి తొమ్మిది వంతులే, వెలుతురు మాత్రం నాలుగో వంతు పైనే పోతుంది. మోటారు వేగం అందుకున్నాక కరెంటు 6, 7 ఆంపియర్లకు దిగుతుంది, లైనులో పోయేది 5 వోల్టుల లోపే. అందుకే బల్బు ఒక్కసారి డిమ్మై మళ్ళీ తేరుకుంటుంది. పవర్ ఫ్యాక్టరును (ఏసీలో కరెంటు వోల్టేజీతో కలిసి నడవక వెనకబడటాన్ని) పక్కన పెట్టి వేసిన లెక్క ఇది, ఇంటర్ స్థాయికి సరిపోతుంది.

ఇంత దూరం వచ్చాక ఒక మాట చెప్పాలి. ఈ గందరగోళంలో మన భాషలోని వాడుకకూ వాటా ఉంది. కరెంటు పోయింది అంటాం, అక్కడ పోయింది వోల్టేజీ. కరెంటు బిల్లు అంటాం, బిల్లు కట్టేది శక్తికి. పవరు ఎక్కువొచ్చి టీవీ కాలింది అంటాం, నిజానికి ఎక్కువైంది వోల్టేజీ. ఇంట్లో అలాగే మాట్లాడుకో, తప్పేం లేదు. నోటుబుక్కు తెరిచినప్పుడు మాత్రం కరెంటు, వోల్టేజీ, శక్తి, పవరు (సెకనుకు ఖర్చయ్యే శక్తి) నాలుగూ నాలుగు గదుల్లో పెట్టు.

కరెంటు అంటే ఒక చోటును దాటిపోయే విద్యుదావేశం, సెకనుకు ఇన్ని కూలుంబులని. ఒక ఆంపియర్ అంటే సెకనుకు సుమారు 6.25 × 10¹⁸ ఎలక్ట్రాన్లు. ఇది ఒక చోటి సంగతి. వోల్టేజీ అలా కాదు, రెండు చోట్ల సంగతి: ఒక కూలుంబు ఆవేశం ఇక్కడి నుంచి అక్కడికి పోయేలోగా ఎన్ని జౌళ్ళ శక్తి ఇచ్చిపోతుందో అది. పై లెక్కలో ప్రతి కూలుంబూ 230 జౌళ్ళతో బయల్దేరింది, 21 జౌళ్ళు లైను వేడెక్కడానికి పోయాయి, 209 ఇంటికి మిగిలాయి. కూలుంబులు ఒక్కటి కూడా తగ్గలేదు. బల్బులోకి ఎంత కరెంటు పోతుందో అంతే బయటికొస్తుంది. ఖర్చయ్యేది శక్తి. మీటరులో తిరిగే యూనిట్టు కూడా శక్తే: కిలోవాట్ గంట, 36 లక్షల జౌళ్ళు.

ఎలక్ట్రాన్లు పరిగెత్తవు, ఇది కూడా గుర్తు పెట్టుకో. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 5 ఆంపియర్లు పోతుంటే అపసర వేగం, అంటే ఎలక్ట్రాన్లు మొత్తంగా ముందుకు జరిగే సగటు వేగం, సెకనుకు 0.15 మిల్లీమీటరు. మీటరు దూరం నడవడానికి రెండు గంటలకు కాస్త తక్కువ. ఇంటి సరఫరా ఏసీ కాబట్టి అదీ లేదు, ఉన్న చోటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా కదలకుండా ముందుకూ వెనక్కూ ఊగుతాయి. స్విచ్ వేయగానే బల్బు వెలిగేది తీగ పొడవునా విద్యుత్ క్షేత్రం దాదాపు కాంతి వేగంతో పరుచుకోవడం వల్ల.

నీళ్ళ పోలిక కావాలంటే ట్యాంకు, కొళాయి వద్దు. మీ చుట్టుపక్కల చీనీ (బత్తాయి) తోటలో డ్రిప్పు పైపు చూడు. మోటారు దగ్గర ఎంత ఒత్తిడి ఉన్నా, పైపు పొడవునా రాపిడికి కొంత పోతుంది, కొసనున్న చెట్టుకు బొట్లు నెమ్మదిగా పడతాయి. మధ్యలో ఒక గేటు వాల్వు తిప్పి ఇంకో లైనుకు నీళ్ళు వదిలితే కొసన ఇంకా తగ్గుతుంది. అదే నీ వీధి లైను. కానీ పోలికను ఇక్కడితో ఆపు. పైపులో నీటి వేగం రెట్టింపైతే ఒత్తిడి నష్టం దాదాపు నాలుగింతలవుతుంది, తీగలో కరెంటు రెట్టింపైతే వోల్టేజీ నష్టం రెట్టింపే. పైపు తెగితే నీళ్ళు కారతాయి, తీగ తెగితే ఏమీ కారదు.

ఇక ల్యాబు. కరెంటు పెరిగేకొద్దీ వోల్టేజీ తగ్గిందని రాశావు. నీ వోల్ట్‌మీటరు తీగకు కాకుండా సెల్లు రెండు టెర్మినళ్ళకు కలిపి ఉండాలి. అక్కడ కొలిస్తే వచ్చేది వి = ఈ − ఐ × చిన్న ఆర్. ఈ అంటే సెల్లు ఈఎంఎఫ్ (ఏమీ కలపనప్పుడు అది చూపే వోల్టేజీ), చిన్న ఆర్ అంటే దాని అంతర్నిరోధం (సెల్లు లోపలి రెసిస్టెన్సు). కరెంటు పెరిగితే లోపల పోయేది పెరుగుతుంది, బయటికి చూపేది తగ్గుతుంది. నువ్వు తప్పు ప్రయోగం చేయలేదు, వేరే ప్రయోగం చేశావు. ఆ రీడింగులను పారేయొద్దు. కరెంటును అడ్డంగా, వోల్టేజీని నిలువుగా పెట్టి గ్రాఫు గీస్తే కిందికి వాలే సరళరేఖ వస్తుంది. అది నిలువు అక్షాన్ని తాకే చోటు ఈఎంఎఫ్, వాలు అంతర్నిరోధం. ఉదాహరణకు ఏమీ కలపనప్పుడు 1.5 వోల్టులు చూపే పాత సెల్లు 5 ఓముల రెసిస్టరు తగిలించగానే 1.25 కు పడిపోతే, కరెంటు 0.25 ఆంపియరు, లోపల పోయింది 0.25 వోల్టు, అంటే అంతర్నిరోధం ఒక ఓము. మీ వీధి లైను 0.7 ఓములు చేసేదీ ఇదే పని. మీ ఇంటి వైపు నుంచి చూస్తే ట్రాన్స్‌ఫార్మరు సెల్లు లాంటిది, లైను దాని అంతర్నిరోధం లాంటిది.

ఇదే చిక్కు ఓమ్‌కే ఎదురైంది. ఆయన మొదట వోల్టా తరహా బ్యాటరీలతో ప్రయోగాలు చేస్తే, వాడుతుండగానే వాటి బలం మారిపోయి రీడింగులు నిలకడగా రాలేదు. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త పొగెండార్ఫ్ సలహా మీద బిస్మత్, రాగి కలిపిన థర్మోకపుల్ (రెండు కొసల వేడి తేడాతో కరెంటు పుట్టించేది) వాడాడు, ఒక కొస మరిగే నీళ్ళలో, ఇంకో కొస మంచులో. మూలం నిలకడైంది, లెక్క కుదిరింది. 1826 లో ఆయనకు దొరికిన సూత్రం మన పుస్తకంలోని పొట్టి రూపం కాదు: తీగ ప్రభావం = ఏ ÷ (బి + తీగ పొడవు). ఏ అంటే మూలం బలం, ఆ బి అంటే తీగను మినహాయించి మిగతా సర్క్యూటు నిరోధం. 1827 లో పుస్తకంగా వచ్చిన నియమానికి పునాది ఆ ప్రయోగాలే. మన పాఠాల్లో బి ని వదిలేసి వి = ఐ ఆర్ ను మొదట నేర్పడం నాకు సరిగా అనిపించదు. బల్బు ఎందుకు డిమ్మవుతుందో చెప్పేది ఆ బి నే.

ప్రయోగం మళ్ళీ చేసేటప్పుడు వోల్ట్‌మీటరు వైర్లు రెండూ పరీక్షించే తీగ రెండు కొసలకే తగలాలి, మధ్యలో రియోస్టాట్ (మార్చుకోగల రెసిస్టెన్సు), అమ్మీటరు ఏదీ రాకూడదు. ఎనామిల్ పూత ఉన్న తీగైతే కొసలు ఎమరీ కాగితంతో మెరిసేదాకా గీకు, లేకుంటే కరెంటు అసలే పోదు, లేదా రీడింగు ఊగుతుంది. ప్లగ్ కీని రీడింగు తీసుకునేంతసేపే పెట్టు. అలాగే వదిలేస్తే తీగ వేడెక్కి రెసిస్టెన్సు పెరుగుతుంది, వోల్టేజీ నిలువుగా ఉన్న గ్రాఫు పై కొసన పైకి వంగుతుంది. గ్రాఫు వంగకుండా సూటిగానే ఉండి, మూలబిందువు గుండా మాత్రం పోకపోతే మీటర్ల జీరో ఎర్రర్ చూసుకో. వోల్ట్‌మీటరును పొరపాటున శ్రేణిలో పెడితే అమ్మీటరు దాదాపు సున్నా చూపిస్తుంది, పాడయ్యేదేమీ లేదు. అమ్మీటరును సెల్లుకు నేరుగా సమాంతరంగా పెడితే మాత్రం ముల్లు వంగుతుంది, కాయిల్ కాలుతుంది.

ల్యాబులోనే ఇంకొకటి: మీటరు పొడవు తీగతో తెలియని నిరోధాన్ని కొలిచే మీటరు బ్రిడ్జిలో సంతులన బిందువు (గాల్వనోమీటరు సున్నా చూపే చోటు) 40 నుంచి 60 సెంటీమీటర్ల మధ్య రావాలని ఎందుకంటారో అడిగితే చెప్పగలగాలి. 50 దగ్గర ఒక మిల్లీమీటరు తప్పు చదివితే జవాబులో తేడా 0.4 శాతం. 10 దగ్గర అదే మిల్లీమీటరు 1.1 శాతం తెస్తుంది. తెలిసిన నిరోధాన్ని మార్చి బిందువును మధ్యకు తెచ్చుకో. ఎడమ, కుడి ఖాళీల్లోని నిరోధాలను తారుమారు చేసి రెండోసారి కొలిస్తే కొసల్లోని రాగి పట్టీల నిరోధం తెచ్చే తప్పు చానా మటుకు పోతుంది. జాకీని (తీగకు తాకించే లోహపు మొనను) తీగ మీద రాపాడించొద్దు, ఎత్తి ఆనించు.

మూడో ప్రశ్న. 10 కిలోవాట్ల పవరును ఒక ఓము లైను గుండా పంపాలి. 250 వోల్టులతో పంపితే 40 ఆంపియర్లు, లైనులో నష్టం 40² × 1 = 1600 వాట్లు. 11 వేల వోల్టులతో పంపితే 0.91 ఆంపియరు, నష్టం 0.83 వాటు. నువ్వు వి²/ఆర్ లో 11,000 పెట్టావు, 12 కోట్ల వాట్లు వచ్చింది, భయపడ్డావు. ఆ 11,000 లైను రెండు కొసల మధ్య లేదు, పోయే తీగకూ వచ్చే తీగకూ మధ్య ఉంది. లైను రెండు కొసల మధ్య ఉన్నది 0.91 × 1 = 0.91 వోల్టు. దాన్ని వి²/ఆర్ లో పెట్టు: 0.83 వాటు. రెండు సూత్రాలూ ఒకే జవాబు చెప్పాయి.

పెద్ద అంకెల్లో చూడాలంటే కర్నూలు సోలార్ పార్కు తీసుకో, సామర్థ్యం 1000 మెగావాట్లు. ఆ పవరంతా మూడు ఫేజుల 400 కిలోవోల్టుల లైను ఒక్కదాని మీదే పోతోందని లెక్క కోసం అనుకుంటే, ఫేజుకు 1443 ఆంపియర్లు. అదే 415 వోల్టులతో పంపాలంటే దాదాపు 13.9 లక్షల ఆంపియర్లు. అంత కరెంటు మోసే తీగను ఏ స్తంభమూ మోయలేదు.

ఇప్పుడు నువ్వు అడగనిది, కానీ మీ ఊళ్ళో రైతులకు బాగా తెలిసినది: వోల్టేజీ తగ్గితే బల్బు డిమ్మవుతుంది, మోటారు మాత్రం ఎందుకు కాలుతుంది? హీటరు లాంటి వాటికి వోల్టేజీ తగ్గితే కరెంటు తగ్గుతుంది. మోటారు ఉత్త రెసిస్టెన్సు కాదు. తిరిగే మోటారు లోపల సరఫరాకు ఎదురుగా ఒక వోల్టేజీ పుడుతుంది, దాన్నే బ్యాక్ ఈఎంఎఫ్ అంటారు. సరఫరాలోంచి దాన్ని తీసేయగా మిగిలిందే వైండింగులో కరెంటును నడుపుతుంది. మొదలయ్యే క్షణంలో మోటారు తిరగదు, బ్యాక్ ఈఎంఎఫ్ ఉండదు, అందుకే ఐదారు రెట్ల కరెంటు. ఇండక్షన్ మోటారులో లెక్క కొంచెం వేరు, ఆలోచన ఇదే.

బోరులో నీళ్ళ లోతు మారలేదు, పంపు అడిగే పవరు కూడా పెద్దగా మారదు. 415 వోల్టుల దగ్గర ఏడున్నర ఆంపియర్లు తీసుకునే ఐదు హార్స్‌పవర్ మోటారు, 340 వోల్టులే వస్తే ఆ పని చేయడానికి 9 ఆంపియర్లు దాటుతుంది. వైండింగులో వేడి ఐ² ఆర్, అంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. పైగా తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది, మూడింట రెండు వంతులకు పడిపోతుంది. తిరగడం మొదలుపెట్టలేక మోటారు అలాగే మూలిగితే, ఆ ఐదారు రెట్ల కరెంటు ఆగకుండా పోతూనే ఉంటుంది. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే ఉన్నది ఇందుకే. మాటిమాటికీ ట్రిప్పవుతోందని దాని సెట్టింగు పెంచితే, రిలే ఊరుకుంటుంది, వైండింగు కాలుతుంది. బోరు లోతు ఎక్కువున్న చోట కేబులు కూడా చూడాలి. 300 మీటర్లకు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు వేస్తే తీగకు 3.6 ఓములు, మూడు ఫేజుల లెక్కలో మోటారు తిరుగుతున్నప్పుడే 38 వోల్టుల దాకా కేబులులోనే పోతుంది. 4 చదరపు మిల్లీమీటర్లు వేస్తే 15 లోపు.

ఇవేవీ ఇంటి ప్లగ్గులో గానీ స్టార్టరు పెట్టెలో గానీ కొలవడానికి పోవద్దు. 230 అనేది ఆర్ఎంఎస్ విలువ (ఏసీకి వాడే ఒక రకం సగటు), గరిష్ఠంగా 325 దాకా పోతుంది. మనిషిని కాపాడటానికి పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ట్రిప్పయ్యేలా ఉంటుందంటే, నీ టార్చి బల్బు తీసుకునే కరెంటులో పదో వంతు కూడా ఒంటి గుండా పోతే ప్రమాదమే అన్నమాట. సెల్లులతో చేస్తే పాఠం మొత్తం వస్తుంది.

చివరగా, మీ ఇంట్లో ఎల్ఈడీ బల్బు ఉంటే పక్కింటి మోటారుకు అది డిమ్ము కాకపోవచ్చు. మంచి ఎల్ఈడీ లోపల ఉండే డ్రైవరు వోల్టేజీ కొంత తగ్గినా ఎల్ఈడీలోకి అదే కరెంటు పంపుతుంది, అందుకోసం లైను నుంచి మోటారు మాదిరే కొంచెం ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. లైనులో వోల్టేజీ పడటం మాత్రం జరుగుతూనే ఉంటుంది. సాయంత్రం మోటార్లు ఎక్కువగా తిరిగే వేళ సీలింగు ఫ్యాను వేగం గమనించు, కనిపిస్తుంది.